నాయిన కూడా చదవగలిగే పుస్తకం

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకుల గారికి,



సర్కారు బడి పిల్లల చేతికి ఏ పుస్తకం అందాలో చివరికి తేల్చేది మీ శాఖే కాబట్టి ఈ ఉత్తరం మీ పేర రాస్తున్నాను. నలుగురూ చదివే చోట రాయడానికి కారణం ఉంది. ఇందులో అడిగే పని మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కథలు రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, అచ్చు వేసేవాళ్లు, మా మండలాల ఉపాధ్యాయులు అందరూ తలా ఒక చెయ్యి వేయాలి. నేను నారాయణఖేడ్ ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు నా దగ్గరే ఉంటారు.

అడిగేది ఇది. నాన్నల గురించి బొమ్మల పుస్తకాలు కావాలి. మా ఊళ్ల నాన్నల గురించి కావాలి. అక్షరం రాని నాన్న కూడా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని పేజీ తిప్పుతూ చూపించగలిగేలా ఉండాలి.

బొమ్మల పుస్తకాలకు తెలుగులో ఇప్పుడు కరువేమీ లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్ దశాబ్దాలుగా వేస్తోంది. చెన్నైలో 1996లో మొదలైన తూలిక ప్రచురణలు తెలుగుతో కలిపి తొమ్మిది భాషల్లో వస్తున్నాయి. 2004లో పుట్టిన ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ పెట్టి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు అని తలుపులు తెరిచింది. మన హైదరాబాద్‌లోనే మంచి పుస్తకం వాళ్లు ఉన్నారు. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు బొమ్మల కథల పుస్తకాలకు పోటీలు పెట్టి, గెలిచినవాటిని అచ్చు వేశారు. చేయి తిరిగిన చిత్రకారులున్నారు, ఓపికగల ప్రచురణకర్తలున్నారు. అందుకే ధైర్యంగా అడుగుతున్నాను.

పుస్తకాల్లో ఉన్న నాన్నను ఒకసారి చూడండి. చాలా పుస్తకాల్లో ఆయన సాయంత్రం పూట వస్తాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి, గుమ్మం దగ్గర చెప్పులు. పిల్లలు ఎదురు పరుగెత్తుతారు. తర్వాతి పేజీలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. పేపరు మొహానికి అడ్డం ఉంటుంది. అమ్మ మాత్రం అన్ని పేజీల్లోనూ ఉంటుంది. వంటింట్లో, బావి దగ్గర, మంచం పక్కన, జ్వరం వచ్చినప్పుడు, వాన వచ్చినప్పుడు. నాన్న మొహం సరిగ్గా కనపడేది ఏదైనా కొనిపెట్టేటప్పుడు, లేదంటే కోప్పడేటప్పుడు. అక్షరమాల చార్టులోనూ అంతే. మొదటి గడిలోనే అమ్మ కూర్చుని ఉంటుంది. ‘న’ దగ్గరికి వచ్చేసరికి నక్క ఉంటుంది.

పట్నంలో ఉద్యోగం చేసే నాన్నల పిల్లలకు ఆ బొమ్మలో కొంతైనా తమ ఇల్లు కనిపిస్తుంది. మా పిల్లలకు అదీ లేదు.

మీకు మా నారాయణఖేడ్ సంగతి తెలిసే ఉంటుంది. అయినా రెండు మాటలు చెప్పాలి. 1956 దాకా మాది బీదర్ జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లా అయ్యింది. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క మహారాష్ట్ర. బజారులో నాలుగడుగులు వేస్తే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. నా తరగతిలో ఒక పిల్ల నాన్నను నాయిన అంటుంది, పక్కనున్న పిల్లాడు బాపు అంటాడు, తండా నుంచి వచ్చే పిల్ల బా అంటుంది, ఇంకొకడు అబ్బా అంటాడు.

భూములున్నాయి. కంది, పెసర, మినుము, జొన్న, పత్తి పండుతాయి. అన్నీ వాన దయ మీద పండేవే. ఖరీఫ్ పంట ఇంటికి చేరాక చేయడానికి పని ఉండదు. దసరా, దీపావళి దాటగానే తండాలు, వాడలు ఖాళీ అవుతాయి. కొందరు హైదరాబాద్ కూలి అడ్డాల మీదికి పోతారు. ఎక్కువమంది చెరుకు కోతలకు పోతారు. మన రాష్ట్రంలోని ఫ్యాక్టరీలకు, సరిహద్దు దాటి బీదర్ వైపు, మహారాష్ట్ర వైపు.

చెరుకు కోత అంటే ఏమిటో దగ్గరి నుంచి చూసినవాళ్లు ఆ బొమ్మను మర్చిపోలేరు. మేస్త్రి ముందే అడ్వాన్స్ ఇస్తాడు. ఇచ్చేది ఒక మనిషికి కాదు, జంటకు. మొగుడు నరికితే పెండ్లాం ఆకు దులిపి మోపు కడుతుంది. చీకటి ఉండగానే చేనులో దిగుతారు. గడను నేల మట్టానికి వంగి నరకాలి, మొదలు దగ్గరే తీపి ఎక్కువ కాబట్టి మోడు ఎత్తుగా మిగలకూడదు. కొసలు కొట్టేయాలి. ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, అందుకే ఎండలోనూ నిండు చేతుల చొక్కా వేసుకుంటారు, తలకూ మెడకూ తువాలు చుట్టుకుంటారు. కోసిన చెరుకు నిలవ ఉంటే అందులోని చక్కెర తగ్గిపోతుంది, కాబట్టి లారీ ఎప్పుడొస్తే అప్పుడే ఎత్తాలి. అర్ధరాత్రి వచ్చినా లేవాలి. భుజం మీద మోపు పెట్టుకుని పలక మీద నడిచి లారీ ఎక్కుతారు. నివాసం చేను పక్కనే, తాడ్‌పత్రి కప్పిన గుడిసె. ఇదంతా ఉగాది దగ్గర పడేదాకా.

పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంటే వెళ్లిపోతారు. కొందరు అవ్వ దగ్గర ఉంటారు. వలస పోయే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవాలని సర్వశిక్షా అభియాన్ రోజుల నుంచి సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు ఎంతమంది పిల్లలను బడిలో నిలబెట్టిందో మా హాజరు పట్టీలే చెబుతాయి. ఆ పిల్లలకు అన్నం దొరుకుతుంది, చదువు దొరుకుతుంది. అయిదారు నెలలు నాన్న దొరకడు. అమ్మా దొరకదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, అమ్మ కూడా వెళ్తోంది కదా, నాన్న గురించే ఎందుకు అని. నిజమే. అమ్మ గురించి కూడా రావాలి, చెరుకు చేలో అమ్మ బొమ్మ ఇప్పటిదాకా నేను ఏ పిల్లల పుస్తకంలోనూ చూడలేదు. కానీ అమ్మ ప్రేమ ఎలా ఉంటుందో పిల్లలకు బొమ్మలు నేర్పాయి, పాటలు నేర్పాయి, సినిమాలు నేర్పాయి. నాన్న ప్రేమ ఎలా ఉంటుందో చూపించే బొమ్మ ఒక్కటీ లేక, మగపిల్లలు నాన్న అంటే డబ్బు తెచ్చేవాడు, కొట్టేవాడు అనే లెక్కలోనే పెద్దవాళ్లవుతున్నారు. ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం అనే సామెత మనకు ఉండనే ఉంది. మా పక్క ప్రాంతం తాండూరు వైపు నుంచి వచ్చిన గోగు శ్యామల గారు తన కథల పుస్తకానికి ఆ సామెతనే పేరుగా పెట్టుకున్నారు. ఆ సామెత ఎంతో మంది తల్లుల కష్టంలోంచి పుట్టింది, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. ఏనుగంత తండ్రిని కూడా బుట్ట పక్కకు తెచ్చి కూర్చోబెట్టే దారి వెతకమని మాత్రమే అడుగుతున్నాను.

చలం గారు ‘బిడ్డల శిక్షణ’ రాసి ఎన్నో ఏళ్లయింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి, మనకు ‘డుంబు’ను ఇచ్చిన బుజ్జాయి గారు, తండ్రితో తన బతుకును ‘నాన్న-నేను’ అని పుస్తకంగా రాసుకున్నారు. పెద్దల కోసం తెలుగులో నాన్న మీద రాసినవాళ్లున్నారు. ఆరేళ్ల పిల్ల ఒళ్లో పెట్టుకునే పుస్తకంలోకి ఆయన ఇంకా పూర్తిగా రాలేదు.

ఒక సంగతి చెప్పాలి. నేను ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం. జూన్‌లో బడి తెరిచాక, అడ్మిషన్ కోసం ఒకాయన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. కాగితాలు నేను చూస్తుంటే, పిల్ల అలమరాలోంచి ఒక బొమ్మల పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జాగ్రత్తగా, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు. తనకు చదువు రాదని అప్పటికే చెప్పాడు, వేలిముద్రే వేశాడు. రెండు పేజీలు తిప్పి ఒక ఎడ్లబండి బొమ్మ దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

“ఈ బొమ్మ గీసినాయన ఎద్దును దగ్గరికెళ్లి సూసినట్టు లేదు టీచరమ్మా. కాడి మూపురం ఎన్కకు పోయింది సూడుండ్రి. మూపురం ముందల గదా ఉండాలె. గిట్ల కడ్తే బండి కదలది.”

ఇలా అని పిల్లను దగ్గరికి లాక్కుని, కాడి ఎక్కడుండాలో, పలుపు ఎట్లా వేయాలో, కొత్త కోడెను మొదటిసారి కాడికి కట్టేటప్పుడు పక్కన పాత ఎద్దునే ఎందుకు కట్టాలో వేలితో బొమ్మ మీద చూపిస్తూ చెప్పాడు. తను ఈ పిల్లంత ఉన్నప్పుడు నాయినతో బండెక్కి చెరుకు కోతకు పోయిన సంగతీ, దారిలో దూడ తప్పిపోయిన సంగతీ చెప్పాడు. తరగతిలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే లేచొచ్చి చుట్టూ చేరారు. అక్షరం రాని మనిషి ఆ రోజు మా బడిలో అందరికన్నా బాగా పుస్తకం చదివాడు. బొమ్మలో తప్పు పట్టాడు, కారణం చెప్పాడు, దానికి తన కథ కలిపాడు. చదవడం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

బొమ్మల పుస్తకానికి ఉన్న బలం ఇదే. వాచకం పట్టుకుంటే ఆ నాన్న బిడ్డ ముందు తల దించుకోవాలి. బొమ్మల పుస్తకం పట్టుకుంటే బిడ్డకు గురువవుతాడు. మా దగ్గర చాలామంది నాన్నలు బడి మెట్టు ఎక్కినవాళ్లు కాదు. బిడ్డ చదువు గురించి అడిగితే “మాకేం తెలుసు, మీరే సూసుకోండ్రి” అంటారు. వాళ్లకు బాగా తెలిసిన విషయాలే బొమ్మల్లో ఉంటే ఆ మాట అనే అవసరం రాదు. ఎద్దు, నాగలి, వాన, మంజీర ఒడ్డు, జాతర, చెరుకు, లారీ, రొట్టె. వీటి మీద ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

బయటి దేశాల్లో దీన్ని ఎట్లా చేశారో చూసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మెక్సికో మూలాలున్న డంకన్ తోనాటియూ 2013లో ‘పాంచో రాబిట్ అండ్ ది కయోటీ’ అనే బొమ్మల పుస్తకం చేశారు. వానలు లేక పంట పోయిన కుందేలు నాన్న ఉత్తరాదికి, క్యారెట్, లెట్యూస్ తోటల్లో కూలికి పోతాడు. తిరిగొస్తానన్న రోజున ఇంట్లో విందు సిద్ధం చేస్తారు, ఆయన రాడు. కొడుకు వెతుక్కుంటూ బయలుదేరతాడు. కుందేళ్లను తీసేసి తండా పేరు పెడితే అది మా కథే. వియత్నాం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ కుటుంబంలో పెరిగిన బావో ఫీ 2017లో ‘ఎ డిఫరెంట్ పాండ్’ రాశారు. థీ బుయీ బొమ్మలు వేశారు. అందులో నాన్నకు రెండో ఉద్యోగం ఉంది. పనికి పోయే ముందు, తెల్లారకముందే, కొడుకును వెంటబెట్టుకుని చెరువు మీదికి వెళ్లి ఆ రాత్రి కూరకు చేపలు పడతాడు. సరదాకు కాదు, ఇంటికి తిండి కోసం. అంత బీదరికం పేజీల్లో ఉన్నా ఎక్కడా జాలి లేదు. ఉన్నది కొడుకు గర్వం. ఆ పుస్తకానికి మరుసటి ఏడాది, అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ గౌరవం దక్కింది.

ఇంగ్లండులో ఆంథొనీ బ్రౌన్ ‘మై డాడ్’ అనే పుస్తకం 2000లో వేశారు. ఆయనకు పదిహేడేళ్ల వయసులో తండ్రి హఠాత్తుగా పోయారు. చాలా ఏళ్ల తర్వాత తల్లి దాచిన పెట్టెలో తండ్రి తొడుక్కునే పాత గళ్ల గౌను దొరికింది. పుస్తకంలో నాన్న ఏ వేషంలో ఉన్నా, చేపగా మారినా, గొరిల్లాగా మారినా, ఆ గళ్ల గుడ్డ మాత్రం వదలదు. ఇది చదివాక నాకు మా పిల్లలు వేసిన బొమ్మలు కొత్తగా కనిపించాయి. మీ నాన్న బొమ్మ వేయండి అంటే రెండో తరగతి పిల్లాడు ఒక లారీ గీశాడు. లారీ నిండా తలకాయలు. అన్నీ ఒకే తీరుగా గుండ్రంగా, మొహాలు లేకుండా. ఒక్క తలకు మాత్రం ఎర్ర రంగు తువాలు చుట్టి, రంగు పెన్సిల్ అరిగేదాకా రుద్దాడు. నాన్న ఎవరో అడగాల్సిన పని లేదు. ఆ తువాలు చాలు ఒక పుస్తకానికి. మన చిత్రకారులు ఎవరైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా దాన్నే వెంటాడితే చాలు. అది తల పాగా అవుతుంది, మోపు కింద చుట్ట అవుతుంది, చెమట తుడుస్తుంది, రొట్టెల మూట అవుతుంది, ఇంటికొచ్చాక బిడ్డకు ఊయల అవుతుంది.

మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది జర్మనీ నుంచి వచ్చిన పద్ధతి. ఎరిక్ ఓజర్ అనే చిత్రకారుడిని నాజీలు సొంత పేరుతో పని చేయనివ్వలేదు. ఆయన ఇ. ఓ. ప్లావెన్ అనే మారుపేరుతో 1934 నుంచి 1937 దాకా ఒక బెర్లిన్ వారపత్రికలో ‘తండ్రీ కొడుకూ’ అనే బొమ్మల కథలు వేశాడు. బట్టతల, గుబురు మీసం, బొద్దు పొట్ట ఉన్న నాన్న, చింపిరి జుట్టు కొడుకు. పైన పేరు తప్ప లోపల మాటలు లేవు. నాన్న కొడుకుతో పాటు అల్లరి చేస్తాడు, ఓడిపోతాడు, కొడుకును కోప్పడబోయి తనే నవ్వేస్తాడు. పెత్తనం తప్ప మరొకటి వినపడని కాలంలో ఇంత మెత్తని నాన్నను ఒక మనిషి వారం వారం గీశాడు. 1944లో ప్రభుత్వాన్ని విమర్శించాడని పట్టుకుపోతే, విచారణకు ముందే జైలులో ప్రాణం తీసుకున్నాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ పిల్లలను నవ్విస్తున్నాయి. భాష అడ్డం లేదు కాబట్టి అవి ఎక్కడికైనా వెళ్లగలిగాయి. అయిదు భాషలు వినపడే మా తరగతికి మాటలు లేని పుస్తకమే అందరి పుస్తకం. తెలుగు పిల్లా, లంబాడీ పిల్లా, ఉర్దూ మాట్లాడే పిల్లా ఒకే పేజీ ముందు కూర్చుని ఎవరి మాటలో వాళ్లు కథ చెప్పుకుంటారు. ఇంటికి తీసుకెళ్తే నాన్న తన మాటలో చెబుతాడు.

ఇలాంటి పని మీ శాఖకు కొత్తేమీ కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లల కోసం వాచకాలు తయారయ్యాయి. అందులో లంబాడీల బంజారా భాష కూడా ఉంది. తండా పిల్లల మాటకు బడిలో చోటివ్వడం మనకు అప్పుడే తెలుసు.

ఇక వేళ సంగతి. 2022 ఫిబ్రవరి 5న రాష్ట్రంలో ‘రీడ్’ పేరుతో వంద రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. ఆ ఏడాదే ఆగస్టులో ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’ కార్యక్రమం వచ్చింది. రెండూ మంచి పనులే. చదివే గంట అంటూ ఒకటి పెట్టి పిల్లల చేతికి కథల పుస్తకం ఇప్పించినందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ ఫిబ్రవరి మాకు కోతల నెల. ఇంటి దగ్గర పిల్లలతో చదివించండి అని చెప్పడానికి ఇళ్లకు వెళ్తే తాళాలు ఉంటాయి, లేకపోతే వాకిట్లో అవ్వ కూర్చుని ఉంటుంది. అవ్వకు చూపు ఆనదు. మా ప్రాంతంలో నాన్నలు దొరికేది జూన్ నుంచి దసరా దాకా. విత్తనాల రోజుల్లో పొద్దంతా చేనులోనే ఉంటారు, కానీ వాన పట్టిన రోజు ఇంట్లోనే ఉంటారు, రాత్రి ఇంట్లోనే పడుకుంటారు. నాన్నలను బడికి పిలిచే పని, పుస్తకం ఇంటికి పంపే పని ఆ నెలల్లోనే జరగాలి. క్యాలెండర్ రాష్ట్రమంతటికీ ఒకటే అయినా, వలస మండలాలకు ఈ ఒక్క విషయంలో వెసులుబాటు ఇవ్వండి.

పుస్తకం తయారీ కూడా అప్పుడే మొదలుపెట్టొచ్చు, కథలు నాన్నల దగ్గరే దొరుకుతాయి. సోవియట్ రచయిత అలెగ్జాండర్ రాస్కిన్ జబ్బుపడ్డ కూతురిని మరిపించడానికి తన చిన్నప్పటి సంగతులు చెబుతూ పోయాడు, అవే పుస్తకమయ్యాయి. నాన్న గొప్పవాడు అని అందులో ఎక్కడా చెప్పుకోలేదు. నాన్న భయపడ్డాడు, అబద్ధమాడాడు, దెబ్బలు తిన్నాడు, ఏడ్చాడు. మా నాన్నల దగ్గర ఇలాంటి కథలు బోలెడున్నాయి. కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద, సిర్గాపూర్, కల్హేర్ మండలాల్లో ఒక్కో స్కూల్ కాంప్లెక్స్‌కు ఒక పూట నాన్నలను కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు నీకు భయం వేసిన రోజు ఏది? నీ నాయిన నిన్ను భుజం మీద ఎక్కించుకుని ఎక్కడికి తీసుకుపోయాడు? ఫోన్లో రికార్డు చేయండి. పిల్లలు బొమ్మలు వేస్తారు. తర్వాత చేయి తిరిగిన చిత్రకారుడిని ఒకరిని ఖేడ్‌కు పంపండి. హైదరాబాద్‌లో కూర్చుని కాదు, వచ్చి చెరుకు చేను చూసి, ఎద్దు మూపురం చూసి గీయాలి. గీసినవి అచ్చుకు వెళ్లేముందు ఆ నాన్నలకే చూపించి సరిచేయించాలి. కాడి ఎక్కడుండాలో వాళ్లు చెబుతారు.

అందులో నాన్న ఏం చేస్తూ కనపడాలో నాకు కొన్ని ఆశలున్నాయి. చెరుకు నరికే నాన్న ఒక్కడే కాదు. గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె తడుతున్న నాన్న కావాలి. కోతల దగ్గర ఒళ్లు నొప్పులతో పెండ్లాం పడుకుంటే మొగవాళ్లు రొట్టెలు చేస్తారు, ఊరికొచ్చాక ఆ సంగతి చెప్పుకోరు. బొమ్మ చెబితే మగపిల్లలు చూస్తారు. బిడ్డ తలకు నూనె పెట్టి జడ వేయబోయి వంకరగా వేసిన నాన్న కావాలి. రాత్రి లారీ ఎత్తాక ఫోన్లో బిడ్డ ఎక్కాలు చెబుతుంటే నిద్ర ఆపుకుంటూ వినే నాన్న కావాలి. ఉగాదికి తిరిగొచ్చినప్పుడు బిడ్డ గుర్తుపట్టక అవ్వ కొంగు వెనక దాక్కుంటే, తొందరపెట్టకుండా వాకిట్లోనే కూర్చుని, బిడ్డ తనంతట తాను వచ్చేదాకా ఎదురుచూసే నాన్న తప్పకుండా కావాలి. ఏటా మా తండాల్లో జరిగేది అదే.

కష్టమైన సంగతి కూడా ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. తాగొచ్చి కొట్టే నాన్నలున్నారు. అప్పుల పాలై ప్రాణం తీసుకున్న నాన్నల పిల్లలు నా తరగతిలో చదివారు. నాన్న బొమ్మ వేయండి అంటే పలక బోర్లించి కూర్చునే పిల్ల ఒకరైనా ప్రతి ఏడాదీ ఉంటుంది. నాన్న దేవుడు అని చెప్పే పుస్తకం ఆ పిల్లకు రెండో దెబ్బ. అందుకని ఒకే నాన్నను అన్ని పుస్తకాల్లో పెట్టకండి. తాత పెంచే పిల్ల ఉండాలి, మేనమామ బడికి దిగబెట్టే పిల్లాడు ఉండాలి, అన్నే నాన్న అయిన ఇల్లు ఉండాలి, నాన్న లేని ఇంట్లో నవ్వులున్న పుస్తకమూ ఉండాలి. తూలిక వేసిన ‘మై నేమ్ ఈజ్ గులాబ్’లో గులాబ్ నాన్న మురుగు శుభ్రం చేసే పని చేస్తాడు. బడిలో వెక్కిరిస్తారు. పిల్ల తలదించుకుని ఊరుకోకుండా ఆ పనికి ఒక యంత్రం తయారుచేస్తుంది. సాగర్ కొల్వంకర్ చేసిన ఆ పుస్తకం నాన్న పనిని దాచలేదు, ఆ పని ఉండాల్సిందే అని కూడా అనలేదు. వలస మీద వచ్చే పుస్తకం కూడా అలాగే ఉండాలని కోరుతున్నాను. నాన్న వెళ్లడం అందమైన త్యాగం అని పిల్లలకు నేర్పొద్దు. 2022 ఫిబ్రవరిలో ఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన జరిగింది. సింగూరు ప్రాజెక్టు నీళ్లు మా పొలాలకు ఎక్కితే వెళ్లే అవసరం తగ్గుతుందని మా నాన్నలందరి ఆశ. చివరి పేజీలో నాన్న ఊళ్లోనే రెండో పంట వేస్తున్న బొమ్మ ఉంటే అది అబద్ధం కాదు, అడగవలసిన మాట.

ఖర్చు గురించి. సమగ్ర శిక్షలో బడి గ్రంథాలయానికి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఏర్పాటు ఉంది. మా లాంటి ప్రాథమిక పాఠశాలకు అయిదు వేలు. ఆ డబ్బు ఏ పుస్తకాలకు పోవాలో పైనుంచి జాబితా వస్తే మేం అవే కొంటాం. జాబితాలో నాన్నల పుస్తకాలకు నాలుగు గడులు కేటాయించండి. ఒక్కో పుస్తకం ఒక్కో కాపీ కాకుండా నాలుగేసి కాపీలు ఇప్పించండి, ఇంటికి పంపితే చిరుగుతాయి, చిరగాలి కూడా. ఇరవై నాలుగు పేజీలు చాలు. కాగితం మందంగా ఉండాలి, మా నాన్నల వేళ్లు మొద్దుబారి ఉంటాయి, పల్చటి పేజీ పట్టు దొరకదు. హక్కులు స్టోరీవీవర్ పద్ధతిలో తెరిచి ఉంచితే బీదర్ టీచరు కన్నడంలో, దెగ్లూర్ టీచరు మరాఠీలో వాడుకోగలరు. మా పిల్లలు కోతల వెంట వెళ్లి చేరే బడులు అవే కదా.

మీ తరఫున ఎవరైనా రావాలనుకుంటే జూలైలో రండి. పొద్దున పది దాటాక ఎవరూ దొరకరు. సాయంత్రం ఆరు తర్వాత తండాలో రచ్చకట్ట దగ్గర అందరూ ఉంటారు. రెండు మూడు బొమ్మల పుస్తకాలు వెంట తెండి, ఎడ్లబండి ఉన్నది ఒకటైనా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
నారాయణఖేడ్, సంగారెడ్డి జిల్లా